షవర్‌లో ధార సన్నగా వస్తోంది, ప్రెషర్ పంపు కొనాలా?

ఉప్పల్_వాసి:
అందరికీ నమస్తే. ఉప్పల్‌లో మాది గ్రౌండ్ ప్లస్ టూ ఇల్లు, మేం ఉండేది పైన రెండో అంతస్తులో. ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉంది, అయినా మా బాత్రూమ్ షవర్‌లోనే నీళ్లు సరిగ్గా పడవు, కింద అద్దెకున్నవాళ్లకు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. చన్నీళ్లతో ఎలాగోలా సర్దుకుంటున్నాం గానీ వేడినీళ్లు మరీ అన్యాయం. రెండేళ్ల కింద ఇంత ఘోరంగా లేదు. ప్లంబర్‌ని పిలిస్తే ఏ నల్లా విప్పి చూడకుండానే "ప్రెషర్ పంపు పెట్టాల్సిందే సార్" అన్నాడు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగి బకెట్‌లో ముంచి పోసుకోలేదు, షవరే ఆధారం. పంపు పెట్టించాక కూడా ఇలాగే ఉంటే ఏం చేయాలని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార_శ్రీను:
ముందు షవర్ తల విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి బ్రదర్. సగం ఇళ్లలో కథ అక్కడే అయిపోతుంది.

గుంటూరు_పైపులు:
ఉప్పల్ గారూ, పంపు మాట తర్వాత. ముందు ఎత్తు లెక్క చూద్దాం. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే దాదాపు ఒక బార్ ప్రెషర్, అంటే పద్నాలుగు పీఎస్ఐ పైన. ట్యాంకు ఎన్ని లీటర్లదన్నది దీనికి సంబంధం లేదు, వెయ్యి లీటర్లదైనా ఐదు వేలదైనా ఎత్తు ఒకటే అయితే ప్రెషర్ ఒకటే. మీ శ్లాబ్ మీద దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారనుకుంటే, మీ షవర్ నుంచి ట్యాంకులో నీటి మట్టానికి రెండు, రెండున్నర మీటర్లు ఉంటుందేమో. అంటే 0.2 బార్ చిల్లర. కింద గ్రౌండ్ ఫ్లోర్‌కి ఇంకో ఆరు మీటర్లు కలుస్తుంది కాబట్టి వాళ్లకు బాగా వస్తుంది, అందులో వింత లేదు. పై అంతస్తువాళ్లకు ఎత్తు తక్కువన్నది పుట్టుకతో వచ్చిన సమస్య. కానీ మీరు రెండేళ్ల కింద బాగుండేదంటున్నారు. ఎత్తు మారదు కదా. మారింది మరేదో ఉంది, ఆ మారినదాన్ని పట్టుకోవాలి.

ఒక పని చేయండి. ఇరవై లీటర్ల బకెట్ పెట్టి కిచెన్ నల్లా, బాత్రూమ్ చన్నీళ్ల నల్లా, వేడినీళ్ల నల్లా మూడూ పూర్తిగా తిప్పి, ఒక్కొక్కటి ఎంతసేపట్లో నిండుతుందో ఫోన్‌లో టైమ్ చూసి ఇక్కడ రాయండి. అప్పుడు ఊహలతో పని ఉండదు.

ఉప్పల్_వాసి:
చూశానండి. కిచెన్ నల్లా రెండు నిమిషాల లోపే నింపింది. బాత్రూమ్ చన్నీళ్లు నాలుగు నిమిషాల పైన పట్టింది. వేడినీళ్లు పది నిమిషాలైనా నిండలేదు, ఆపేశాను. షవర్ తల కూడా విప్పాను శ్రీను గారూ, రంధ్రాల్లో తెల్లగా సున్నం పేరుకుని ఉంది, కడిగాక కొంచెం నయం. కానీ నల్లాలకు షవర్‌తో సంబంధం లేదు కదా, అవీ సన్నగానే ఉన్నాయి.

కరీంనగర్_రాజు:
బోరు నీళ్లేనా అన్నా? అయితే గీజర్ చూడు.

గుంటూరు_పైపులు:
మీ బకెట్ లెక్కలోనే సగం జవాబు ఉంది. కిచెన్ కూడా అదే అంతస్తు, అదే ట్యాంకు, అదే ఎత్తు. అక్కడ బాగా వస్తోందంటే ఎత్తు సరిపోతోంది, ట్యాంకు అవుట్‌లెట్ బాగుంది. తేడా అంతా బాత్రూమ్ లైన్లో ఉంది. చన్నీళ్లలోనే సగం పడిపోయిందంటే గీజర్‌కు ముందే ఒక అడ్డు ఉంది, వేడినీళ్లలో ఇంకా పడిపోయిందంటే గీజర్ దగ్గర రెండో అడ్డు ఉంది. రెండూ వేర్వేరుగా వెతకాలి.

మొదటిదానికి డాబా ఎక్కి బాత్రూమ్‌కి దిగే లైను మీద గేట్ వాల్వ్ చూడండి. ఇత్తడి గేట్ వాల్వుల్లో ఒక పాడు గుణం ఉంది, లోపల కాడ నుంచి గేటు ఊడిపోతుంది. పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, తెరిచామనుకుంటాం, లోపల గేటు మాత్రం సగం కిందికి దిగి కూర్చుంటుంది. ట్యాంకు కడిగేటప్పుడు మూసి తెరిచిన తర్వాత నీళ్లు తగ్గాయని ఎవరైనా చెబితే నేను మొదట చూసేది ఇదే. మార్చేటప్పుడు బాల్ వాల్వ్ వేయించండి, పిడి పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు, కంటికే తెలుస్తుంది.

రెండోది గాలి. ట్యాంకు ఖాళీ అయ్యాక లైన్లోకి గాలి చేరుతుంది. పైపు ఎక్కడైనా పిట్టగోడ మీదుగా ఎక్కి దిగితే ఆ మెలికలో గాలి ఇరుక్కుని నీళ్లను తొక్కిపెడుతుంది, మన వైపు గాలి పట్టింది అంటారు. ట్యాంకు అవుట్‌లెట్ పక్కనే నిలువుగా ఒక సన్నటి ఎయిర్ పైపు ఉండాలి, దాని పైకొస ట్యాంకు అంచు కన్నా ఎత్తులో తెరిచి ఉండాలి. చాలా ఇళ్లలో అది పెట్టరు, పెట్టినా చెత్త పడుతోందని ఎవరో ఎండ్ క్యాప్ వేసేస్తారు. ఆ క్యాప్ తీస్తే చాలు.

ఇక పైపు సైజు. సీపీవీసీ, అంటే వేడినీళ్లకూ వాడే ప్లాస్టిక్ పైపు సైజును బయటి కొలత ప్రకారం లెక్కిస్తారు, లోపలి రంధ్రం మీరు అనుకున్నదాని కన్నా తక్కువ. అదే నీటిని ముప్పావు అంగుళం బదులు అర అంగుళం పైపులో పంపితే రాపిడి వల్ల పోయే ప్రెషర్ ఏడు రెట్ల దాకా పెరుగుతుంది. అందుకే డాబా నుంచి దిగే మెయిన్ లైను కనీసం అంగుళం వేసి, బాత్రూమ్ లోపల మాత్రమే సన్నం చేయాలి. ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత గోడలు పగలగొట్టి మార్చలేరు.

కరీంనగర్_రాజు:
గీజర్ సంగతి నేను చెప్తా, నా పనే అది. చన్నీళ్లు గీజర్‌లోకి పోయే చోట ఒక చిన్న వాల్వ్ ఉంటది, నీళ్లు వెనక్కి రాకుండా ఆపేదీ, ప్రెషర్ ఎక్కువైతే వదిలేదీ రెండూ అదే. దాని లోపల స్ప్రింగు, రబ్బరు. మన బోరు నీళ్ల ఉప్పుకు ఏడాది రెండేళ్లలో సున్నం కట్టి సగం మూసుకుపోతది. గీజర్ కింద గోడకుండే చిన్న నల్లా (యాంగిల్ కాక్) మూసి, కరెంటు తీసేసి, ఆ వాల్వ్ విప్పి చూడమను. పాడైతే కొత్తది తక్కువ ధరకే దొరుకుతది. కానీ ఒక్క మాట, ఆ వాల్వ్ తీసేసి నేరుగా పైపు కలిపితే నీళ్లు బాగా వస్తాయని కొందరు సలహా ఇస్తారు. అస్సలు చేయొద్దు. థర్మోస్టాట్ పాడై నీళ్లు మరుగుతూ పోతే ఆ ప్రెషర్ బయటికి పోయే ముఖ్యమైన దారి అదే. అది లేక గీజర్లు పేలిన ఇళ్లు ఉన్నాయి, మనుషులు పోయారు.

ఎల్బీనగర్_కిరణ్:
ఇంత తంటా ఎందుకు, జలమండలి (హైదరాబాద్ వాటర్ బోర్డు) నల్లా లైనుకు మోటారు పెట్టుకుంటే కింది నుంచి పై దాకా ఫుల్ ప్రెషర్. మా వీధిలో చాలామందికి ఉంది.

గుంటూరు_పైపులు:
కిరణ్ గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. మోటారు దొరికితే జలమండలి జప్తు చేస్తుంది, జరిమానా వేస్తుంది, అది ఒక సంగతి. అసలు ప్రమాదం వేరే. వీధి పైపులో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు మోటారు పీలిస్తే పైపు లోపల వ్యాక్యూమ్ ఏర్పడుతుంది. ఎక్కడ చిన్న పగులున్నా బయటి మురికినీరు లోపలికి లాగుతుంది. డ్రైనేజీ పక్కనే నల్లా పైపులు పోయే మన వీధుల్లో దాని అర్థం ఏమిటో ఆలోచించండి. లాగేది మీరు, తాగేది పక్కింటి పసిపిల్ల. పైగా లైను చివరి ఇళ్లకు చుక్క రాదు.

మున్సిపల్ నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాలన్నదానికి ఒక లెక్క ఉంది. కేంద్రం 1999లో వేసిన నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్లకు ఏడు మీటర్లు, రెండంతస్తులకు పన్నెండు, మూడంతస్తులకు పదిహేడు మీటర్ల ప్రెషర్ వీధి పైపు నుంచి ఇంటికి కనెక్షన్ తీసే చోట మిగలాలని అప్పట్లో రాశారు. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే చోట, అందరూ ఒకేసారి పట్టుకునేటప్పుడు అది అందదు. అందుకే సంపు కట్టుకుని, సంపులోకి దానంతట అది పడనిచ్చి, సంపు నుంచి మోటారుతో పైకి ఎక్కించుకోవడమే సరైన పద్ధతి.

మణికొండ_సుధ:
నాకు తిరగబడ్డ సమస్య ఉంది. మా అపార్ట్‌మెంట్ పన్నెండు అంతస్తులు, మాది రెండో అంతస్తు. హెల్త్ ఫాసెట్ పైపులు పగిలిపోతున్నాయి, ఫ్లష్ ట్యాంకు వాల్వ్ ఆగదు, ఒకసారి ఊరెళ్లినప్పుడు కనెక్షన్ పైపు ఊడి హాలంతా నీళ్లు. ఇదీ ప్రెషరేనా?

గుంటూరు_పైపులు:
అదే అమ్మా. మీ పైన పది అంతస్తులు, ఒక్కోటి మూడు మీటర్లు, అంటే మీ నల్లా దగ్గర మూడు బార్ పైనే. రాత్రి ఎవరూ వాడనప్పుడు పూర్తిగా మీ మీదే పడుతుంది. కింది అంతస్తుల షాఫ్ట్‌లో ప్రెషర్ తగ్గించే వాల్వ్ ఉండాలి, పీఆర్‌వీ అంటారు. బిల్డర్ పెట్టే ఉంటాడు, కానీ దాని జల్లెడలో ఇసుక చేరి, లోపలి పలుచటి రబ్బరు పొర (డయాఫ్రం) చినిగి పనిచేయడం మానేసి ఉంటుంది. అసోసియేషన్‌కి చెప్పి గేజ్ పెట్టి చూపించమనండి. ఊరెళ్లేటప్పుడు మీ ఫ్లాట్ మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి.

డల్లాస్_నుంచి_వేణు:
సుధ గారు చెప్పినదే మాకూ జరిగింది. ఇక్కడ మేడ మీద ట్యాంకులు ఉండవు, సిటీ లైను నుంచి నేరుగా వస్తుంది, 80 పీఎస్ఐ దాటితే ఇంట్లో పీఆర్‌వీ తప్పనిసరి. మాది పాడై అర్ధరాత్రి పైపుల్లో దడదడమని చప్పుడు వచ్చేది. తోట నల్లాకు తగిలించే గేజ్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, తగిలిస్తే వంద దాటింది. గేజ్ చూశాక వాదన లేకుండా పోయింది.

ఉప్పల్_వాసి:
అప్‌డేట్. వేరే ప్లంబర్‌ని పిలిపించాను. డాబా మీద బాత్రూమ్ లైను గేట్ వాల్వ్ విప్పితే అచ్చం గుంటూరు గారు చెప్పినట్టే, గేటు ఊడి వేలాడుతోంది. బాల్ వాల్వ్ వేశాడు. గీజర్ వాల్వ్ నిండా సున్నం, అది కొత్తది పెట్టాడు. చన్నీళ్లు ఇప్పుడు కిచెన్‌తో సమానం, వేడినీళ్లు దానికి కొంచెం తక్కువ. వానలా పడే పెద్ద షవర్‌కి మాత్రం ఎత్తు చాలదట, మామూలు షవర్ పెట్టుకోమన్నాడు. అమ్మ ఈ రోజు కూర్చోకుండా స్నానం చేసింది. మీ అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

గుంటూరు_పైపులు:
సంతోషం. మిగతావాళ్ల కోసం చెబుతున్నా, ఆ మూసుకుపోయిన వాల్వ్ అలాగే ఉంచి పంపు పెట్టి ఉంటే ఏమయ్యేదో చూడండి. సన్నటి రంధ్రంలో ప్రెషర్ రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు రావు, ఒకటిన్నర రెట్లు కూడా రావు. నాలుగు రెట్ల ప్రెషర్ ఇస్తేగాని రెట్టింపు రాదు. కరెంటు కాలుతుంది, పాత జాయింట్లు కారతాయి, అడ్డు అక్కడే ఉంటుంది. పంపు నిజంగా కావాల్సింది ఎత్తు చాలనప్పుడు మాత్రమే. అప్పుడు కూడా చన్నీళ్లు, వేడినీళ్లు రెండు లైన్లకూ కలిపి పెట్టాలి, ఒక్క చన్నీళ్లకే పెడితే మిక్సర్‌లో చన్నీళ్లు వేడినీళ్లను వెనక్కి తోసేస్తాయి. గాజు గొట్టాల సోలార్ హీటర్ ఉంటే దాని లైనుకు పంపు అసలు కలపకండి, ఆ ట్యాంకు ప్రెషర్‌కు తయారుచేసింది కాదు, పగులుతుంది.

నెల్లూరు_ప్రసాద్:
మా ఇంట్లో పంపు ఉంది. రాత్రిపూట ఎవరూ నల్లా తిప్పకుండానే టక్కుమని ఆన్ అయి ఆగుతుంది. పగలు కూడా మగ్గు నీళ్లు పట్టేలోపు రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్.

గుంటూరు_పైపులు:
రెండూ వేర్వేరు జబ్బులు. రాత్రి దానంతట అది ఆన్ అవుతోందంటే ఎక్కడో ప్రెషర్ కారిపోతోంది. ఫ్లష్ ట్యాంకులో సన్నగా కారుతుంటే కంటికి కనపడదు, ట్యాంకులో కాస్త రంగు వేసి అరగంట తర్వాత కమోడ్‌లోకి దిగిందేమో చూడండి. లేకపోతే పంపు దగ్గర నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్, ఎన్ఆర్‌వీ అంటారు, సరిగ్గా మూసుకోవడం లేదు. ఇక పగలు మాటిమాటికీ ఆన్ ఆఫ్ అంటే పంపు పక్కన ఉండే గుండ్రటి ప్రెషర్ ట్యాంకులో గాలి పోయింది. దాని లోపల ఒక రబ్బరు సంచి, బయట గాలి ఉంటాయి. గాలి నొక్కుకుని నీళ్లను తోస్తుంది కాబట్టే ప్రతి మగ్గుకీ పంపు తిరగక్కర్లేదు. ట్యాంకు వెనక చిన్న క్యాప్ తీస్తే కారు టైరుకు ఉండే వాల్వే ఉంటుంది. పంపు ఆపి, నల్లా తెరిచి నీళ్లన్నీ దించి, టైరు గేజ్‌తోనే చూడండి. పంపు ఆన్ అయ్యే ప్రెషర్ కన్నా 0.2 బార్ తక్కువ ఉండాలి. తగ్గితే సైకిల్ పంపుతోనే కొట్టొచ్చు. ఆ వాల్వ్ పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లొస్తే మాత్రం సంచి చినిగింది, మార్చాల్సిందే.

ఉప్పల్_వాసి:
టైరు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా కారు ముందు ఎడమ టైరులో పది రోజులకోసారి గాలి తగ్గుతుంది. పంక్చర్ షాపులో మేకు లేదంటారు. ఎండాకాలం కాబట్టి మిగతా టైర్లలో కూడా గాలి తగ్గించి పెట్టుకోమన్నారు.

ఆటోనగర్_బాబాయ్:
ఆ రెండో మాట వినొద్దు నాన్నా, చేతులు జోడించి చెబుతున్నా. బెజవాడలో టైర్ల పని చేస్తూ పేలిన టైర్లు ఎన్నో చూశాను, ఎక్కువ గాలితో పేలినవాటికన్నా తక్కువ గాలితో పేలినవే ఎక్కువ. గాలి తక్కువుంటే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తాయి, ఆ వంగడంలో వేడి పుడుతుంది. మే నెలలో కారు నిండా మనుషులు, సామాన్లు పెట్టుకుని వందలో పోతే ఆ వేడికి లోపలి దారాలు విడిపోతాయి. డ్రైవర్ వైపు డోరు తీస్తే చౌకట్టు మీద స్టిక్కర్ ఉంటుంది, ఇద్దరికి ఎంత, నిండా బరువుకు ఎంత అని. అదే కొట్టించు. టైరు గోడ మీద అచ్చేసి ఉండేది గరిష్ఠం, అది కొట్టించాల్సిన లెక్క కాదు.

ఆ స్టిక్కర్ లెక్క చల్లటి టైరుకి. పొద్దున్నే బండి తీయకముందు చూడాలి. గాలి వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 33 ఉన్నది మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపిస్తుంది, అది తయారీలోనే లెక్కేసి పెట్టిన పెరుగుదల. ఆ వేడి మీద ఎవడో నాలుగు పాయింట్లు తీసేస్తే మర్నాడు పొద్దునకు 29 అవుతుంది. అక్కడ మొదలవుతుంది ప్రమాదం.

నీ ముందు టైరు సంగతి. మేకు లేదంటే మిగిలేవి మూడు చోట్లు. వాల్వ్ పిన్ను, వాల్వ్ రబ్బరు మొదలు, రిమ్ము అంచు. ముందు వాల్వ్ కొసన సబ్బు నురగ పెట్టి చూడు, బుడగ లేస్తే పిన్ను మార్చు. రబ్బరును పక్కకు వంచి మొదట్లో సన్నటి పగుళ్లున్నాయేమో చూడు. రెండూ కాకపోతే చక్రం విప్పించి నీళ్ల తొట్టిలో పూర్తిగా ముంచమను. అల్లాయ్ రిమ్ముల అంచుకు తెల్లటి పొక్కు పట్టి టైరు సరిగ్గా అతకదు, గుంతలో పడి రిమ్ము సొట్టపోయినా అంతే. టైరు ఊడదీసి రిమ్ము అంచు గీకి శుభ్రం చేయిస్తే ఆగిపోతుంది.

మణికొండ_సుధ:
నైట్రోజన్ కొట్టిస్తే తగ్గదంటారు కదా బాబాయ్?

ఆటోనగర్_బాబాయ్:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ తల్లీ. కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, తేమ ఉండదు, అంతవరకు నిజం. కారే టైరుకి ఏది కొట్టినా కారుతుంది. ఆ డబ్బుతో సొంత గేజ్ కొనుక్కో. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. స్టెప్నీ కూడా చూసుకో, అవసరమైన రోజున అది కూడా చప్పబడి ఉంటుంది.

డల్లాస్_నుంచి_వేణు:
చలి వైపు కూడా ఇదే లెక్క. నవంబరులో మొదటి చలి పడ్డ పొద్దున ఇక్కడ సగం కార్లలో టైరు లైటు వెలుగుతుంది. పంక్చర్ కాదు, గాలి చల్లబడి ప్రెషర్ తగ్గింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే సరిచేసుకుంటే ఆరిపోతుంది.

లారీ_సుబ్బయ్య:
బాబాయ్, బ్రేకుల గాలి గురించి కూడా రాయి. కొత్త పిల్లలకు తెలియట్లేదు.

ఆటోనగర్_బాబాయ్:
నువ్వే రాయి సుబ్బయ్యా, స్టీరింగ్ పట్టేవాడివి.

లారీ_సుబ్బయ్య:
సరే. లారీలో, బస్సులో బ్రేకు గాలితో పడుతుంది. ట్యాంకుల్లో ఏడెనిమిది బార్ ఉండాలి. తగ్గితే బజర్ మోగుతుంది, ఆ బజర్ మోగుతుంటే బండి కదిలించకూడదు. గాలి పోవడానికి పైపు పగలడం, బ్రేకు చాంబర్‌లో రబ్బరు డయాఫ్రం చినగడం, కంప్రెసర్ అరగడం, ఇవీ ముఖ్యం. ఇంజన్ ఆపి, కాలు బ్రేకు మీద గట్టిగా పెట్టి గాలి మీటరు ముల్లు చూస్తే దిగిపోతోందా లేదా తెలుస్తుంది, చక్రాల దగ్గర క్లీనర్ నిలబడితే బుస్సుమని చప్పుడు వినపడుతుంది. ట్యాంకు కింద వాల్వ్ తీసి రోజూ నీళ్లు వదలాలి, గాలిలో తేమ దిగి ట్యాంకులో నీళ్లు చేరతాయి, అవి వాల్వుల్ని తుప్పు పట్టిస్తాయి.

ఘాట్‌లో, శ్రీశైలం దిగేటప్పుడైనా మారేడుమిల్లి దిగేటప్పుడైనా, మాటిమాటికీ బ్రేకు తొక్కితే కంప్రెసర్ నింపే దానికన్నా వేగంగా గాలి అయిపోతుంది, డ్రమ్ములు కాగిపోతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడు అదే గేరు, పొగ గొట్టాన్ని మూసి ఇంజన్‌తోనే బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు వాడుకోవాలి. గాలి పూర్తిగా పోతే వెనక స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. తొందరలో ఆ స్ప్రింగు బ్రేకుని బోల్టుతో వెనక్కి లాగి బండి నడిపేవాళ్లున్నారు. అది బ్రేకు లేకుండా నడపడమే. దయచేసి చేయొద్దు, ఎదురుగా వచ్చేది ఎవరి కుటుంబమో మనకు తెలియదు.

కరీంనగర్_రాజు:
నాది కూడా ఒక ప్రశ్న. కారులో ఎర్రటి నూనె డబ్బా బొమ్మ లైటు వెలిగి ఆరిపోతోంది, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే.

ఆటోనగర్_బాబాయ్:
అది నూనె తక్కువైందని కాదు, నూనె ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైటు. నడుస్తుండగా నిలకడగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి, ఇంటి దాకా పోదాం అనుకుంటే బేరింగులు పట్టేస్తాయి. ఆగినప్పుడు మాత్రమే మిణుకుమంటోందంటే ముందు డిప్‌స్టిక్ తీసి మట్టం చూడు. మట్టం సరిగా ఉంటే నూనె పాతబడి పలచబడిందా, తప్పు గ్రేడు పోశారా చూడు. తర్వాత సెన్సర్, అది చవక వస్తువు, తరచూ పాడవుతుంది. ఇంజన్ విప్పాలన్న మాట ఎవరైనా అంటే, సెన్సర్ తీసి ఆ చోట గేజ్ బిగించి అసలు ప్రెషర్ ఎంతో చూపించమను. ఇంజన్ అడుగున నూనె ఉండే సంపులో జల్లెడకు మడ్డి పట్టినా, బేరింగులు అరిగినా అందులో తెలిసిపోతుంది. గేజ్ పెట్టకుండా ఇంజన్ విప్పనివ్వకు.

నెల్లూరు_ప్రసాద్:
బాబాయ్ ఇది అర్జెంటు. కారు బ్రేకు పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. రెండుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. రేపు తిరుపతి వెళ్లాలి.

ఆటోనగర్_బాబాయ్:
ఆ కారుతో వెళ్లొద్దు. ఇంకో చర్చ లేదు. రెండు తొక్కులకు గట్టిపడుతోందంటే లైన్లో గాలి చేరి ఉండొచ్చు. గాలి నొక్కుకుంటుంది, నూనె నొక్కుకోదు, అందుకే గాలి ఉంటే కాలి బలం చక్రం దాకా పోదు. కాలు పెట్టి ఉంచితే మెల్లగా దిగుతోందంటే బ్రేకు నూనె బయటికైనా కారుతోంది, లేదా పెడల్ తొక్కితే నూనెను తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లైనా వదిలేశాయి. బానెట్ తీసి బ్రేకు నూనె డబ్బా మట్టం చూడు, నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడు. మెకానిక్‌నే ఇంటికి పిలువు, నువ్వు నడుపుకుంటూ తీసుకెళ్లకు.

నెల్లూరు_ప్రసాద్:
పిలిచాను బాబాయ్. వెనక కుడి చక్రం డ్రమ్ము తీస్తే లోపలంతా తడి, వీల్ సిలిండర్ కారుతోందట. వెనక రెండు వైపులా మార్చి, నూనె కొత్తది పోసి నాలుగు చక్రాలకూ గాలి తీస్తానన్నాడు. సామాన్లు రేపు సాయంత్రానికి గాని రావు. తిరుపతికి రైల్లో వెళ్తున్నాం.